జపాను కర్రకి నేను వేసిన అతుకు

మధ్యాహ్నం మూడున్నరకి, మా అమ్మాయి మేఘన చేతిలో అట్టపెట్టె చప్పుడు లేకుండా విచ్చుకుంది.

అది ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. దసరా సెలవుల్లో ఏదో ఒకటి చేసి తెమ్మని బడివాళ్లు చెబితే, ఏడేళ్ల పిల్ల దాన్ని కోసి, మడిచి, అన్నం మెతుకులతో అంటించి పెన్సిళ్ల పెట్టె చేసుకుంది. అంటించి అప్పటికి మూడు రోజులు. మొదటి రోజు గట్టిగానే ఉంది, నేనే లాగి చూశాను. ఇప్పుడు మూడు వైపులా అలాగే ఉంది, నాలుగో వైపు మాత్రం నోరు తెరిచింది.

"అమ్మా, ఇక్కడొక్కచోటే ఊడింది చూడు" అంది.

చూశాను. ఊడినచోట అట్ట మీద నెయ్యి మరక ఉంది. ఎండిన మెతుకు గాజుపెంకులా మెరుస్తూ గట్టిగా ఉంది. అట్టని మాత్రం పట్టుకోలేదు.

 పన్నెండు రోజుల కిందట మా వంటింట్లో వండిన అన్నం నూరి నేనొక కత్తి ఒరని అతికించాను. అది దశాబ్దాలపాటు కొబ్బరినూనె తాగిన చెక్క. అందులో ఉన్న కత్తి కాగితం మీద పెడితే తన బరువుకే దిగిపోతుంది. మర్నాడు మహర్నవమి. రాజోలు అవతల ఒక లంక ఊళ్లో, పొద్దున్న ఎనిమిదింటికి, ఆయుధపూజలో, పదకొండేళ్ల పిల్ల ఆ ఒరని రెండు చేతులా బిగించి పట్టుకుంటుంది. వాళ్ల తాతగారు పిడి పట్టుకుని కత్తి దూస్తారు.

ఆ సంగతి ఆ తాతగారే స్వయంగా నాకు చెప్పారు. నేను నవ్వుతూ విన్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి

పాత వస్తువుల సంరక్షణ నా వృత్తి. రామచంద్రపురంలో కెమిస్ట్రీ డిగ్రీ చదివి, పైచదువు పూర్తిచేసి, ఒక మ్యూజియం సంరక్షణ విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. రెండో కాన్పు తర్వాత ఉద్యోగం మానేసి అమలాపురం వచ్చేశాం. మా ఆయన కాకినాడలో పనిచేస్తూ శనివారాలు వస్తారు. ఇంటి వెనక గదిలో బల్ల వేసుకుని, ఎవరైనా తెచ్చిన తాళపత్రాలో, కంచు గంటలో, చెక్కబొమ్మలో మరో మూడేళ్లు చూశాను. ముప్పై ఆరేళ్లకి అదీ మానేశాను. ఈ వయసులో రిటైరయ్యానంటే నవ్వుతారు. నిజంగానే రిటైరయ్యాను. ఈ నాలుగు మాటలూ పిల్లలు పడుకున్నాక కొంచెం కొంచెంగా రాస్తున్నాను.

ఉద్యోగంలో ఎవరు ఏ పదవికి ఎక్కారో, ఏ కాగితం ఎక్కడ ఆగిందో నేను రాయను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకలాగే ఉంటాయి. ఈ పని ఎలాంటిదో మాత్రం చెప్పాలి. చాలామంది దీన్ని చేతిపని అనుకుంటారు. నా లెక్కలో ఇది కాచుకుని కూర్చునే పని. తుడవడం ఒక గంట, అతకడం ఒక గంట, ఆ తర్వాత ఏమీ చెయ్యకుండా దాన్నే చూస్తూ ఉండటం ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులకీ ఎవరూ మనల్ని మెచ్చుకోరు. తొందరపడితే ఆ రోజు ఎవరికీ తెలియదు కూడా.

గుర్రం చెవి

మా విభాగాధిపతి మూర్తిగారిది మన రాయవరమే. పెద్దగా అరిచే మనిషి కాదు. తప్పు చేస్తే ఆ తప్పుని మన బల్ల మీదే ఉంచి వెళ్లిపోయేవారు, తీసెయ్యనిచ్చేవారు కాదు.

చేరిన మొదటి ఏడు నాకొక గుడి వాహనం ఇచ్చారు, చెక్క గుర్రం. ఏళ్లతరబడి దీపాల దగ్గర నిలబడి నల్లగా జిడ్డోడుతోంది. చెవి విరిగింది. అసిటోన్‌తో శుభ్రంగా తుడిచి, అతికించి, మర్నాడు గర్వంగా తీసుకెళ్లి చూపించాను. ఆయన చెవి పట్టుకుని అటూ ఇటూ కదిపి "బావుందమ్మా" అని పక్కన పెట్టించారు. రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆయన టీ తాగుతుంటే ఆ చెవి ఊడి సరిగ్గా కప్పులో పడింది.

ఆయన చెంచాతో దాన్ని తీసి సాసర్లో పెట్టారు. "నూనె తాగిన చెక్క పైపైన తుడిస్తే పొడిగా కనిపిస్తుందమ్మా. లోపల నూనె అలాగే ఉంటుంది. వేడికి మెల్లిగా పైకొచ్చి అతుకుని కిందనుంచి తోసేస్తుంది. మూడు వారాలు చూడకుండా ఎవరి చేతికీ ఇవ్వకు. ఇది గుర్రం గనక సరిపోయింది" అన్నారు.

కాబట్టి నాకు తెలియదని చెప్పడానికి లేదు. ఇది చదివేవాళ్లు ఆ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. తెలియక చేసిన తప్పులు నాకు రెండో మూడో ఉంటాయి. తెలిసి చేసిన తప్పు ఇదొక్కటే. రాయాలనిపించింది మాత్రం దీని గురించే.

కోటయ్య వేళ్లు

మ్యూజియంలో ఒక జపాను కత్తి ఉండేది. చూసేవాళ్లు దాని ముందు ఆగేవారు కాదు. ఏ నగిషీ లేని తెల్ల చెక్క ఒర, అదే చెక్కతో పిడి. మూసి ఉంటే ఒంపు తిరిగిన కర్రముక్కలా ఉంటుంది. నేనూ మొదట ఎవరో అసలు ఒర పోగొట్టి వడ్రంగి చేత ఇది చేయించారనుకున్నాను.

మూర్తిగారు నవ్వారు. "వాళ్లు కత్తికి రెండు రకాల బట్టలు కుడతారమ్మా. బయటికెళ్లేటప్పుడు లక్క మెరుగు, పట్టు తాళ్లు, చేతికి అడ్డంగా లోహపు బిళ్ల. ఇంట్లో పడుకునేటప్పుడు ఇదిగో, ఈ నూలుపంచె" అన్నారు.

దాన్ని షిరసాయ అంటారు, తెల్ల ఒర అని. మన సంపెంగ కుటుంబానికే చెందిన ఒక చెట్టు చెక్కతో చేస్తారు. మెత్తటి చెక్క, కత్తిని గీకదు. రంగూ మెరుగూ వెయ్యరు, ఎందుకంటే చెక్క తేమని పీల్చుకోవాలి, వదలాలి. రెండు బద్దలు విడివిడిగా తొలిచి, కత్తి మొదట్లో ఉన్న లోహపు పట్టీ దగ్గర తప్ప ఇంకెక్కడా చెక్క తగలకుండా మధ్యలో చోటు వదిలి, రెండిటినీ అన్నంతో అతికిస్తారు. ఉడికిన మెతుకుల్ని వెదురు బద్దతో పలక మీద నూరి, పలుకు లేకుండా మైనంలా చేసి రాస్తారు. గట్టి జిగురు వాళ్లకి లేక కాదు. ఎప్పటికైనా లోపల తుప్పు కనిపిస్తే ఒరని పగలగొట్టకుండా సన్నటి చీల దూర్చి విప్పుకోవడానికి. మన పిల్లలు గాలిపటం అంటించే మెతుకే అది. వినగానే నాకు ఆ తెలియని వడ్రంగి మీద చుట్టరికం పుట్టుకొచ్చింది.

ఒక్కటే ప్రమాదం. చేతికి అడ్డంగా బిళ్ల ఉండదు. రెండు బద్దలూ కలిసే గీత సరిగ్గా కత్తి వాదర ఎదురుగా ఉంటుంది. ఆ గీత దగ్గర పట్టు వదిలితే పైకి ఏమీ తెలియదు. వేళ్లు చుట్టూ బిగించి, అటుపక్క కత్తి దూశారా, వాదర గీతలోంచి బయటికొస్తుంది.

మా అటెండరు కోటయ్య ఒకరోజు ఎవరో పెద్ద అధికారికి చూపిస్తూ దాన్ని చెరుకుగడ పట్టుకున్నట్టు పట్టుకుని దూశాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. మొదట రక్తం రాలేదు. కోటయ్య తన చేతికేసి వింతగా చూసుకుని "ఏవండీ, ఏదో తగిలినట్టుందండీ" అన్నాడు. అంతే. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఉంగరపు వేలూ చిటికెన వేలూ మళ్లీ వంగలేదు. మూడు వేళ్లతో పంచె కట్టుకోవడం నేర్చుకున్నాడు. "పది వేళ్లున్నప్పుడూ అదే జీతం, ఎనిమిదికీ అదే జీతం. నాకే లాభమండీ" అని నవ్వేవాడు. మేమెవరమూ నవ్వలేకపోయేవాళ్లం.

ఆ రోజు నుంచి మూర్తిగారు ఒర చుట్టూ రెండుచోట్ల తెల్లకాగితం పట్టీలు వేయించారు. పట్టీ చిరిగితే గీత కదిలిందని అర్థం. అందానికి అడ్డమే గానీ అది తీయకూడదని రూలు పెట్టారు.

ఇంటికొచ్చిన కర్ర

వినాయకచవితికి ముందు, రాజోలు స్కూల్లో పనిచేసే పద్మగారు ఒక దుప్పట్లో చుట్టి ఒక పొడుగాటి వస్తువు తెచ్చారు.

"మా మావయ్యగారిదండి. జపాను కర్ర అంటాం ఇంట్లో. లోపల కత్తి మీద మచ్చలొస్తున్నాయండి. ఆయన దిగులు పెట్టేసుకున్నారు" అన్నారు.

ఆ మావయ్యగారు వెంకటరత్నంగారు. ఎనభై దాటాయి. మూడు తరాలుగా పడవలూ వలలూ వాళ్ల బతుకు. ఆయన తండ్రి యుద్ధకాలంలో బర్మా వైపు పనిచేసి ఈ కత్తిని వెంట తెచ్చారట. అప్పటినుంచీ ప్రతి దసరాకీ తెడ్లూ, వలలూ, పడవ ఇంజనూ, బొండాలు కొట్టే కత్తులతోపాటు దీన్నీ పెట్టి పూజ చేస్తారు. చెక్క ఎండి బీటలిస్తుందని ఒరకి చేతినిండా కొబ్బరినూనె పట్టిస్తారు. మన వైపు తలకీ, తలుపులకీ, పడవకీ దేనికైనా అదే మందు. ఆ ప్రేమే చెక్క ఊపిరి ఆపేసింది. తేమ లోపలే నిలిచి కత్తికి తుప్పు పట్టింది.

వెదురు చీలతో గీత వెంబడి మెల్లిగా విప్పాను. రెండు బద్దలూ పుస్తకంలా తెరుచుకున్నాయి. నల్లటి జిడ్డు కింద, ఒక బద్ద లోపలివైపు సిరాతో చిన్న అక్షరాలున్నాయి. ఫోటో తీసి తెలిసినవాళ్లకి పంపితే ఒక శకం పేరూ ఒక నెలా అన్నారు. చేసినవాడి పేరు లేదు. లెక్క వేస్తే పందొమ్మిదో శతాబ్దం నడిమి కాలం. ఇక్కడ మన గోదావరికి ధవళేశ్వరంలో ఆనకట్ట లేస్తున్న రోజులు కాబోలు. అక్కడ ఎవరో ఒకాయన ఈ బద్దలు తొలిచి, అన్నం నూరి, అంటించాడు. అక్షరాల పక్కన ఉలి జారిన గాటు ఒకటుంది. దాన్ని చాలాసేపు చూశాను. ఆయన చెయ్యీ జారిందన్నమాట అని ధైర్యం తెచ్చుకున్నాను. అలా తెచ్చుకోకుండా ఉండాల్సింది.

భయం పెట్టిన తొందర

కత్తి ఇంట్లో ఉన్నన్ని రోజులూ నాకు నిద్ర లేదు. పిడి వేరే, ఒర వేరే, అడ్డం లేని కత్తి విడిగా గుడ్డలో. బీరువా పైన పెట్టి తాళం వేశాను. తాళంచెవి మెళ్లో గొలుసుకి కట్టుకున్నాను. అయినా వంట చేస్తుంటే చింటూ కుర్చీ జరిపిన చప్పుడైతే చాలు, పరిగెత్తేదాన్ని. వాడికి నాలుగేళ్లు, ఎక్కని ఎత్తు లేదు. మా అత్తయ్యగారు "బీరువాకి తాళం వేశావుగదమ్మా, గుండెకెందుకు వేసుకున్నావ్?" అని విసుక్కునేవారు.

కత్తి తుప్పు తీశాను. బద్దల్ని అసిటోన్‌తో తుడిచాను, అంచుల్ని పలచగా చెక్కాను. పొడిగా కనిపించాయి. నిజంగా మూడు వారాలు ఆగాలని నాకు తెలుసు. గుర్రం చెవి గుర్తొచ్చింది కూడా. కానీ ఆ వారమంతా ముసురు, ఇద్దరు పిల్లలకీ జ్వరం. ఆ వస్తువు నా కప్పు కింద ఇంకో మూడు వారాలు ఉండటం అనే ఊహనే భరించలేకపోయాను. అన్నం నూరి అతికించాను. తాడు చుట్టి, దాని కింద వెదురు చీలలు దూర్చి బిగించి రెండు రోజులు ఉంచాను. మూడో రోజు పద్మగారికి ఫోన్ చేశాను.

ఈసారి వెంకటరత్నంగారు కూడా వచ్చారు. నేను ఒర చుట్టూ కాగితం పట్టీలు వేసి ఉంచాను. ఆయన వాటిని చూసి మొహం చిన్నబుచ్చుకున్నారు.

"ఇదేంటండీ, దెబ్బ తగిలినోడికి కట్టినట్టు కట్టేరు? పూజలో పెట్టేదండి."

అప్పుడు నేను వాటిని తీసేశాను. ఆ పట్టీలు ఎందుకో నాకు తెలుసు. ఆ ముసలాయన మొహం వెలగాలని తీసేశాను. అది దయ అనుకున్నాను, మెప్పు మీద ఆశ అది.

"ఆయ్, ఇప్పుడు బావుందండి! కొత్త కర్రలాగుంది" అన్నారు. "నాకు చెయ్యి వణుకుతోందండి ఈ ఏడు. మా లాస్య ఒర పట్టుకుంటానంది. దానికి పదకొండేళ్లు గానీ గట్టిదండి. రెండు చేతులా పట్టుకుందంటే మరి కదల్దు."

నవ్వాను. ఇక నూనె రాయొద్దని పద్మగారికి మర్యాదగా ఒక మాట చెప్పాను. వాళ్ల ఆటో సందు తిరగ్గానే బీరువా తాళం తీసి, తలుపులు బార్లా తెరిచి, హాయిగా నిద్రపోయాను.

రేవు దాటి

ఆ మధ్యాహ్నం నెయ్యి మరక చూశాక పద్మగారికి ఆరుసార్లు ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. గాలివానకి లంకల్లో రెండు రోజులుగా కరెంటు లేదని తర్వాత తెలిసింది. రాయవరంలో విశ్రాంతిగా ఉన్న మూర్తిగారికి చేశాను. గబగబా మొత్తం చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు.

"పట్టుకునే పిల్లకి ఎన్నేళ్లమ్మా?"

"పదకొండండి."

"మరి నాతో మాట్లాడతావేంటి? బయల్దేరు. అక్కడికెళ్లి అరవకు. అరిస్తే పిల్లలు చేతిలో ఉన్నదాన్ని ఇంకా బిగిస్తారు."

అత్తయ్యగారికి పిల్లల్ని అప్పగించి రాజోలు బస్సు ఎక్కాను. అప్పనపల్లి వెళ్లే యాత్రికులతో బస్సు కిటకిటలాడుతోంది. వాళ్లు దిగేచోట మూటలు, ముసలివాళ్లు, పిల్లలు దిగడానికి పది నిమిషాలు పట్టింది. ఒక్కొక్కరు దిగుతుంటే నేను వాళ్ల చేతులకేసే చూశాను. ఎన్ని చేతులు, ఎంత నిర్లక్ష్యంగా దేన్నిపడితే దాన్ని పట్టుకుంటాయో. పూజ రేపు కదా, ఇంకా టైముంది అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నకొద్దీ భయం పెరిగింది.

రాజోల్లో దిగి రేవు దాకా ఆటో. పడవాయన తాడు విప్పుతూ నన్ను ఎగాదిగా చూశాడు.

"దసరాకి చుట్టాలింటికాండీ?"

"ఆయ్."

"ఉత్త చేతులతో చుట్టరికమేంటండీ! పండూ లేదు, పువ్వూ లేదు."

వెంకటరత్నంగారిల్లు ఏదని అడిగాను. అవతలి గట్టు మీద ఆయన ఇంటి పెంకులు చూపించాడు. ఇంకా ఎండపొడ ఉంది.

గుడ్డ

వాకిట్లో చాప పరిచి మర్నాటి పూజకి సామానంతా తోముతున్నారు. వెంకటరత్నంగారు కుర్చీలో కూచుని పురమాయిస్తున్నారు. చాప చివర ఒక రెండు జడల పిల్ల బాసింపట్టు వేసుకుని కూచుంది. ఒళ్లో అడ్డంగా జపాను కర్ర. పక్కన కొబ్బరినూనె గిన్నె. మడతపెట్టిన పాత బనీను ముక్కని ఒర చుట్టూ చుట్టి, పిడికిలి బిగించి, ఆ చివరినుంచి ఈ చివరికి రుద్దుతోంది.

నా నోరు తెరుచుకుంది. మూర్తిగారి మాట అడ్డొచ్చి మూసుకుంది. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి, నడిచి వెళ్లి ఆ పిల్ల ఎదురుగా కూచున్నాను.

"లాస్యా, ఎంత బాగా రుద్దుతున్నావమ్మా. ఒక్కసారి ఆపుతావా?"

ఆపింది. చెయ్యి మాత్రం ఒర మీదే ఉంది.

"ఇప్పుడు వేళ్లు వదులు. లాగకు. ఊరికే వదులు. ఆఁ, అంతే. చెయ్యి పైకి తీసెయ్యి."

తీసింది. రెండు చేతులూ పైకెత్తి, ఏమైందన్నట్టు నాకేసి చూసింది. నేను ఆ వేళ్లు లెక్కపెట్టాను. బయటికి వినపడేలాగే లెక్కపెట్టానట, పద్మగారు తర్వాత చెప్పారు.

"ఈ గుడ్డలు పాతవండి" అంది లాస్య. "రెండు చిరిగిపోయేయి ఇప్పటికే."

చాప మీద పడున్న బనీను ముక్కలు తీశాను. చిరుగు కాదు. ఐదు మడతల్లో నాలుగు ఒకేచోట, తిన్నగా, కొలబద్ద పెట్టి గీసినట్టు తెగి ఉన్నాయి. ఐదో మడత మిగిలింది. ఆ ఐదో మడత అవతల ఆ పిల్ల చెయ్యి ఉంది.

కర్రని వాదర లేని వైపు నుంచి పట్టుకుని చాప మీద పెట్టి, బొటనవేలితో బద్దని కొంచెం నొక్కాను. జానెడు పొడుగున గీత విచ్చుకుని లోపల తెల్లగా మెరిసింది. 

పద్మగారే ముందు తేరుకున్నారు. "నూనె రాయొద్దని మీరు చెప్పేరండీ. మేమే వినలేదు. తప్పు మాదేనండి" అన్నారు.

ఎంత మంచి దారి చూపించారో. అటు నడిస్తే చాలు, నా పేరుకి మచ్చ ఉండదు. ఒక్క క్షణం కాలు అటు పడబోయింది.

"కాదండీ" అన్నాను. "ఈ ఒక్క పూట నూనెతో ఊడదు. లోపలున్న పాత నూనె పైకొచ్చింది. అది వస్తుందని నాకు తెలుసు. మూడు వారాలు నా దగ్గర ఉంచుకుని చూడాలి. చూడకుండా ఇచ్చేశాను."

వెంకటరత్నంగారు కుర్చీలోంచి ముందుకి వంగారు. "మా నాన్నగారి కాలం నించీ రాస్తున్నామండి నూనె. ఏనాడూ ఊడలేదు."

"అప్పుడున్నది వాళ్ల అతుకండి. ఇది నా అతుకు."

"మరెందుకు ఉంచుకోలేదండి?"

"ఇంట్లో చిన్నపిల్లలున్నారండి. భయమేసింది."

ఆయన లాస్యకేసి చూశారు. ఆ పిల్ల ఇంకా చేతులు పైకెత్తే ఉంది. ఆయన గొంతు పెంచలేదు.

"మా ఇంట్లోనూ ఉన్నారండి."

నాకు అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేదు.

మంచానికి అల్లే నవారు అడిగి తీసుకుని, పిడినీ ఒరనీ కలిపి ఈ చివరినుంచి ఆ చివరిదాకా గట్టిగా చుట్టేశాను. వెంకటరత్నంగారు నిట్టూర్చారు. "అయితే రేపు దుయ్యడం లేదన్నమాట. మా నాన్నగారు పోయిన ఏడు కూడా ఆగలేదండి."

"కర్రలాగే పెడదాం తాతయ్యా. దాని పేరే కర్ర కదా" అంది లాస్య.

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఏడుపొచ్చింది. వస్తూ వస్తూ ఆ తెగిన గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఎందుకని వాళ్లు అడగలేదు.

ఎందుకు మానేశాను

దసరా అయ్యాక ఆ ఒర మూర్తిగారి శిష్యుడొకరి దగ్గరికి వెళ్లింది. నేను చేసిన తప్పు మొత్తం ఒక ఉత్తరంగా రాసి దానితో పంపాను. అతను నాలుగు నెలలు తన దగ్గర ఉంచుకున్నాడు. ఇప్పుడు పట్టీలతోనే ఉంది. వెంకటరత్నంగారు వాటిని తీయనివ్వడం లేదట.

నేను మాత్రం ఆ బల్ల మీద మళ్లీ పని పెట్టలేదు. ఒక్క తప్పుకే మానేస్తావా అని మూర్తిగారు కోప్పడ్డారు. తప్పుకి కాదని ఆయనకి చెప్పాను. ఈ పనిలో భయం ఉండాలి. అది చేతికి ఆగడం నేర్పుతుంది. నా భయం నా చేతిని తోసింది. నా ఇద్దరు పిల్లల చుట్టూ అది గీత గీసింది, ఆ గీత అవతల ఉన్న పిల్ల నాకు కనిపించనే లేదు. పిల్లలు పెద్దయ్యాక ఈ భయం తగ్గుతుందంటారు. తగ్గితే అప్పుడు చూద్దాం.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లని ఒకటే అడుగుతాను. వస్తువు మీ గుమ్మం దాటుతుంటే మీకు హాయిగా అనిపిస్తే, ఆ రోజు ఇవ్వకండి. ఎందుకు హాయిగా ఉందో కనుక్కునేదాకా ఉంచుకోండి.

మర్నాడు పొద్దున్న

ఆ మహర్నవమి పొద్దున్న పిల్లలిద్దరూ లేచి పళ్లు తోముకుని నా దగ్గరికి వచ్చారు. నిన్న పెట్టె పారేసి ఎక్కడికి పరిగెత్తావని మేఘన మూతి ముడుచుకుని ఉంది. వాళ్లిద్దరినీ వెనక గదికి తీసుకెళ్లి, ఖాళీ బల్ల మీద ఆ బనీను ముక్క పరిచాను. కొబ్బరినూనె వాసన వస్తోంది. చింటూ తెగినచోట వేలు దూర్చి అవతలనుంచి ఆడించి నవ్వాడు. నేను ఆ వేలు పట్టుకుని వదల్లేదు.

"ఈ గుడ్డ కోసింది నేను" అన్నాను.

"ఇది నిన్న ఆ అక్కావాళ్లింట్లో తెగిందని నాయనమ్మతో చెప్పావుగా" అంది మేఘన. "నువ్వెళ్లేసరికే తెగిపోయిందన్నావు. నువ్వక్కడ లేవుగా?"

"లేనమ్మా" అని చెప్పాను. "పన్నెండు రోజుల ముందే, ఇదిగో, ఈ బల్ల దగ్గర నిలబడి కోశాను."